శ్రీ ఆనంద గజపతి మహారాజు

దేశమున జమీందారీలు పోయినవి. పోయినవానిని గూర్చి ముచ్చటించునపుడు మనవారు రెండు పక్షములుగా చీలియుందురు. జమీందారను మాట వినబడినంతనే ప్రజాపీడనము తప్ప మఱేమియు తలపునకు రానివారు కొందఱు. కోటలు, ఏనుగులు, అగ్రహారములు, పండిత సన్మానములు జ్ఞప్తికి దెచ్చుకొని, అట్టి దాతలు మరల పుట్టరని నిట్టూర్పు విడుచువారు మఱికొందఱు. ఈ యుభయులును లెక్క చూచువారు కారు. కరణము లెక్కలో జమ యొక ప్రక్కను, ఖర్చు ఒక ప్రక్కను ఉండును. ఒక ప్రక్క మాత్రమే చదివి చేవ్రాలు చేయువానిని మన గ్రామములలో బుద్ధిమంతుడనరు. గతించిన గొప్పవారి చరిత్రములను గూడ రెండు ప్రక్కలు చదివియే తీర్పు చెప్పవలెను.

విజయనగర సంస్థానాధీశుడైన శ్రీ పూసపాటి ఆనంద గజపతిరాజు గారి జీవితము ఇట్లు చదువదగినది. ఆయన 1850లో జన్మించి, 1879లో సంస్థానమునకు వచ్చి, 1897లో నలువదియాఱేండ్ల వయస్సున కాలధర్మము నొందెను. ఆయన చేసిన దానములు పెక్కు. పొందిన బిరుదములు పెక్కు. వానిలో చాల భాగము ఆ కాలపు ఇతర ప్రభువులకును కలవు. ఇతరులలో అరుదై, ఆయనయందు స్పష్టముగ కనబడు గుణమొకటి కలదు. తన సంఘములోని ఒక దుర్మార్గమును గూర్చి కోపముతో గాని కన్నీటితో గాని మాటలాడుటకు ముందు, అది యెంతమేర వ్యాపించినదో, ఎందఱిని తాకుచున్నదో అంకెలతో వ్రాయించెను. ఆ లెక్కయే ఆయన కీర్తికి మూలకంబము. ఆ దీపమును మఱొక దిక్కునకు త్రిప్పకపోవుటయే ఆయన జీవితమునందలి కొఱత.

విజయనగరము సరిహద్దు సంస్థానము. పూర్వపు చెన్నపురి రాజధానికి ఈశాన్యపు కొసను, తూర్పున సముద్రమునకును, పడమట కనుమలకును నడుమ అది విస్తరించియుండెను. సముద్రతీరమున భీమునిపట్టణపు రేవు, మైదానమున వరిపొలములు, చెఱువులు, తాటితోపులు, ఆపైన మన్నెము. కొండలపై సవరలు, జాతాపులు, కొండదొరలు తమ పోడు వ్యవసాయము చేసికొని బ్రతుకుచుండిరి. కొండల యంచున కురుపాము, మేరంగి, సాలూరు, పాచిపెంట, మాడుగుల మొదలగు మన్నె జమీందారీలుండెను. ఈ దొరలలో పెక్కుమందిపై పూసపాటివారు ఒకప్పుడు పెత్తనము చేసిరి. ఆ పెత్తనమునకు గుర్తుగా మన్నె సుల్తాను అను బిరుదము వారి పేళ్ళతో నిలిచిపోయినది. ఆనంద గజపతి కాలమునకు పెత్తనము పోయి బిరుదము మాత్రమే మిగిలెను. అది యెట్లు పోయినదో తెలిసికొననిదే ఆయన స్థితి యేమో మనకు బోధపడదు.

1757లో బొబ్బిలి యుద్ధము జరిగిన కథ ఆంధ్రులెల్లరు ఎఱిగినదే. ఫ్రెంచి సేనల సాయముతో బొబ్బిలిని గెలిచిన పెద విజయరామరాజు, ఆ గెలుపు తీపి చవి చూడకమునుపే తాండ్ర పాపారాయని కత్తికి బలియయ్యెను. అన్నదమ్ములవంటి ఇరుగుపొరుగు ప్రభువులు పరాయివాని ఫిరంగులను పిలిచి పోరాడుకొనిన ఫలము నలువదియేండ్లు తిరుగక మునుపే విజయనగరమునకును అందినది. కప్పము బాకీ పడినదను మిషతో కుంఫిణీ దొరలు చిన విజయరామరాజును తన దేశము విడిచి మచిలీబందరునకు పోవలసినదని ఆజ్ఞాపించిరి. ఆయన పోలేదు. 1794 జూలై 10వ తేదీన పద్మనాభము దగ్గఱ కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనల నెదిరించి, తన బలగముతో కూడ యుద్ధభూమియందే ప్రాణములు విడిచెను. ఆ కొండ నేటికిని మనకొక తీర్థమే.

ఆ పిమ్మట కుంఫిణీ చేసిన పని మనము శ్రద్ధతో గమనింపవలసినది. చనిపోయిన రాజు కుమారుడగు నారాయణబాబుకు సంస్థానమును మరల ఇచ్చెను. కాని ఎల్లలు తగ్గించి ఇచ్చెను. మన్నె జమీందారులను విజయనగరము క్రిందినుండి తప్పించి తనతో నేరుగ ఒప్పందములు చేసికొనెను. 1802లో శాశ్వతపు పైసలా వచ్చినది. 24 పరగణాలు, 1157 గ్రామములు గల విజయనగరమునకు సాలు 1కి ఐదులక్షల రూపాయల పేష్కషు ఏర్పడినది. పంటలు పెరిగినను, ధరలు పెరిగినను, బంజరులు సాగులోనికి వచ్చినను ఆ ఐదులక్షలు పెరుగవు. జమీందారుపై దొరతనమునకు గల హక్కునకు ఇట్లు గట్టి కట్టుబాటు ఏర్పడెను. రైతుపై జమీందారునకు గల హక్కునకు మాత్రము అంత గట్టి కట్టుబాటు ఏర్పడలేదు. కత్తి పట్టు ప్రభువు శిస్తు వసూలుచేయు ప్రభువుగా మాఱినాడు. ఆనంద గజపతి పుట్టినది ఈ రెండవ తెగలో.

తాత నారాయణబాబు 1845లో కాశీ క్షేత్రమున మరణించునాటికి సంస్థానము అప్పులలో మునిగియుండెను. దొరతనమువారే ఏడేండ్లు నడిపి, అప్పులు తీర్చి, రెండులక్షలకు పైబడిన నిలువతో 1852లో తండ్రియగు విజయరామ గజపతిరాజున కొప్పగించిరి. ఈ విజయరామ గజపతి ఇంగ్లీషు చదివిన ప్రభువు. విజయనగరమున 1857లో ఆయన పెట్టించిన పాఠశాల, ఆయన చనిపోయిన 1879వ సంవత్సరమున కళాశాల యయ్యెను. 1863లో ఆయన గవర్నరు జనరలు శాసనసభయందు సభ్యుడయ్యెను. 1864లో మహారాజ బిరుదము నొందెను. కాశీలో పురమందిరము కట్టించెను. మన దేశమున సిపాయీల తిరుగుబాటు చెలరేగిన 1857వ సంవత్సరముననే ఈ సరిహద్దు పట్టణములో ఒక తెలుగు ప్రభువు ఇంగ్లీషు బడి తెఱచుట విచిత్రముగ తోచును. తాత తండ్రి పద్మనాభమున పడిపోయిన అరువదియేండ్లకు, ఆయుధములతో సాధింపలేని దానిని అక్షరములతో సాధింపవచ్చునని ఆయన తలచెనో, లేక దొరల ఒరవడిని అనుకరించుటయే చేసెనో మనము నిశ్చయింపజాలము. బడి మాత్రము నిలిచినది.

ఆనంద గజపతి ఇట్టి యింట పెరిగెను. ఒక చేత ఇంగ్లీషు దొర నేర్పిన చదువు; ఒక చేత పండితులు నేర్పిన సంస్కృతము; ఈ రెంటికి తోడు సంగీతము. ఇరువదితొమ్మిదవ యేట గద్దెనెక్కినప్పుడు ఆయన వంటి సిద్ధత గల జమీందారు చెన్నపురి రాజధానిలో వేఱొకరు కలరా యన్నది సందేహమే. తండ్రి స్థాపించిన కళాశాల ఆయన కాలమున బి.ఏ. వఱకును ఎదిగెను. గురజాడ అప్పారావు 1886లో అచ్చటనే పట్టభద్రుడై, మఱుసటియేట అచ్చటనే అధ్యాపకుడయ్యెను. చెన్నపురికి పోవుటకు రైలులేని ఆ దినములలో, ఓడనెక్కియో బండి కట్టియో దూరదేశములకు పిల్లలను పంపలేని సామాన్య కుటుంబములకు ఈ కళాశాల యెంత ఉపకారము చేసినదో చెప్పనలవికాదు. తూర్పుతీరపు రైలుబాట 1890 తరువాతి సంవత్సరములలో గాని మన జిల్లాలకు రాలేదు. అంతకు ముందే విద్య వచ్చియుండెను.

ఆయన విద్యాదానములలో ఆంధ్రదేశపు ఎల్లలు దాటిపోయినది ఋగ్వేద ముద్రణము. మాక్సుముల్లరు సాయణభాష్యముతో కూడిన ఋగ్వేదమును మొదట 1849 మొదలు 1874 వఱకు ఆఱు సంపుటములుగ ప్రకటించెను. ఆ మొదటి కూర్పును ఆరంభించినది ఈస్టిండియా కుంఫిణీ ధనముతో. ఆ ప్రతులు దుర్లభములైన పిమ్మట, 1890 మొదలు 1892 వఱకు నాలుగు సంపుటములుగ వెలువడిన రెండవ కూర్పునకు ద్రవ్యసహాయము చేసినవాడు ఆనంద గజపతి. విజయనగరపు పేరు ఆ సంపుటములతో నానాదేశముల గ్రంథాలయములకెక్కినది. మన వేదమును మనకు ముద్రించి యిచ్చుటకు జర్మను పండితుడును, ఇంగ్లీషు ముద్రాశాలయును కావలసివచ్చెను గదా యని మనము సిగ్గుపడవచ్చును. కాని ఖర్చైనను మనవాడు పెట్టుకొనెను. ఇంకొక మాటయు మఱువరాదు. ఆ ధనము విజయనగరపు కోటలో పండినది కాదు. గజపతినగరము దగ్గఱనో, చీపురుపల్లి దగ్గఱనో చెఱువు క్రింద దమ్ముచేసిన కాపు తన ధాన్యమునమ్మి కట్టిన శిస్తు అది. వేదము చదువ నధికారము లేదని మన సంఘము వెలిబెట్టినవాని చెమటయే ఆక్సుఫర్డునందు వేదాక్షరములుగ అచ్చుపడినది. మహారాజు కీర్తిలో ఆ రైతు భాగస్వామి.

ఇక ఆయన రాజకీయ జీవితము. 1884లో ఆయన చెన్నపురి శాసనసభయందు సభ్యుడుగ నియమింపబడెను. 1892లో మరల నియుక్తుడయ్యెను. 1887లో కె.సి.ఐ.ఇ. బిరుదమును, 1892లో జి.సి.ఐ.ఇ. బిరుదమును వచ్చెను. ఈనాటి పాఠకులు శాసనసభ యనిన ఓటరులు, ఎన్నికలు, ప్రతిపక్షములు తలచుకొందురు. 1861 నాటి కౌన్సిళ్ళ చట్టము క్రింద ఏర్పడిన సభ యట్టిది కాదు. సభ్యులనందఱను దొరతనమువారే యేర్పఱచుకొందురు. ఎదుట నున్న చిత్తుచట్టము తప్ప మఱొక విషయము ప్రస్తావింపరాదు. ప్రశ్న యడుగుటకు హక్కు లేదు. ప్రశ్న యడుగుటకును, ఆదాయవ్యయముల చర్చ చేయుటకును కొంత వెసులుబాటు 1892 నాటి చట్టముతో మాత్రమే వచ్చినది. కావున ఆ సభయందు కూర్చుండిన జమీందారును నేటి ప్రజాప్రతినిధితో పోల్చి నిందించుటయు, పొగడుటయు రెండును అన్యాయమే. ఆయనకు దక్కినది పలుకుబడి, అధికారము కాదు.

1887వ సంవత్సరమును మఱొక విధముగను మనము జ్ఞాపకముంచుకొనవలెను. విక్టోరియా రాణి ఏబదియేండ్ల పట్టాభిషేకోత్సవములు జరిగినది, మహారాజునకు సీమనుండి బిరుదము వచ్చినది ఆ యేటనే. ఆ యేటి డిసెంబరు నెలలో చెన్నపురియందు భారత జాతీయ మహాసభ మూడవ సమావేశము జరిగెను. ఒకే యేట రెండు ద్వారములు తెఱచుకొన్నవి. ఒక ద్వారము దర్బారునకు పోవును. రెండవది జనసభకు పోవును. ఆనంద గజపతి తరమువారు దర్బారు ద్వారముననే లోనికి పోయినవారు. అందుకు వారిని దూషించుట సులభము. ఐనను లోనికి పోయి వారు ఏమి చేసిరన్నది చూడవలెను గదా. ఇచ్చటనే మనము ఆ లెక్క కథకు వచ్చుచున్నాము.

ఆ కాలమున విశాఖపట్టణపు జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో కన్యాశుల్కము వ్యాపించియుండెను. పిల్లను కన్నవాడు వరునివలన రొక్కము పుచ్చుకొని కన్యాదానము చేయును. పేరునకు దానము, జరుగునది బేరము. పైకము గలవాడు పండుముసలి యైనను వానికే పిల్ల దక్కును. పెండ్లియన నేమో యెఱుగని పసిది పెండ్లాడి, ఊహ తెలియక మునుపే భర్తను పోగొట్టుకొని, తల గొఱిగించుకొని, వంటయింటి మూల బ్రతుకు వెళ్ళబుచ్చును. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించి ఈ గాయమునకు చికిత్స మొదలుపెట్టియుండెను. గాయము ఎచ్చటనుండి కలుగుచున్నదో చూచువాడు ఇంకొకడు కావలసియుండెను.

కన్యాశుల్కమును గూర్చి అందఱు ఎఱుగుదురు. ఎవరును ఎఱుగనట్లు నటింతురు. ధర్మశాస్త్రము దానిని నిందించును గనుక పుచ్చుకొన్నవాడు పుచ్చుకొనలేదనును, ఇచ్చినవాడు ఇయ్యలేదనును. సభలలో దానిని గర్హించు పండితుని యింటనే చాటుగ బేరము జరుగవచ్చును. ఇట్టి పాపమును ఉపన్యాసములతో పట్టుకొనుట పొగను పిడికిట పట్టుటవంటిది. ఆనంద గజపతి ఉపన్యాసము నమ్ముకొనలేదు. జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్క వివాహముల పట్టికను తయారుచేయవలసినదని ఆజ్ఞాపించెను.

పట్టిక వచ్చినది. మూడేండ్లలో శుల్కము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లు 1034. సాలు 1కి సగటున 344. అయిదవ యేట ఇచ్చిన పిల్లలు 99 మంది. నాలుగవ యేట 44 మంది. మూడవ యేట 36 మంది. రెండవ యేట ఆఱుగురు. ఏడాది ప్రాయమున ముగ్గురు. ఈ యేడాది బిడ్డల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. కూలివాని దినభృతి కొన్ని అణాలు మాత్రమేయైన ఆ దినములలో, పాలుత్రాగు శిశువునకు కట్టిన వెల అది. గర్భమునందున్న శిశువునకు సైతము బేరములు కుదుర్చుకొనుట కలదు. పుచ్చుకొన్నవారు ఒప్పుకొనుటకు జంకుదురు గనుక ఈ పట్టిక పూర్తి యైనది కాదు. నిజమైన సంఖ్య ఇంతకు హెచ్చే గాని తక్కువ కాదు.

పాఠకులు ఈ అంకెలను ఒక్కసారి కూడి చూడవలెను. అయిదేండ్లకు లోబడి, అయిదవ యేటను అమ్ముడుపోయినవారు 188 మంది. రమారమి అయిదింట నొకవంతు. ఒక్క జిల్లాలో, ఒక్క వర్ణములో, మూడేండ్లలో. ఇట్టి లెక్క వ్రాయించుట తేలికపని కాదు. సంస్థానము అన్నము తినుచు ఆశీర్వచనములు చెప్పు పండితవర్గపు ఇండ్లలోనికే ఆ లెక్క తొంగిచూచినది. పరువు పోవునని పెద్దలు నొచ్చుకొనియుందురు. దానములిచ్చి పొగడ్తలు పొందుచు హాయిగ నుండవలసిన ప్రభువునకు ఈ జోలి అక్కఱ లేదు. ఐనను ఆయన వ్రాయించెను. దొర కలెక్టరు మన మురికిని లెక్కపెట్టినచో అది మనపై మోపిన నింద యగును. మనవాడే, మన యింటిదీపముతో, మన మురికిని లెక్కపెట్టినందున అది చికిత్సకు ఆరంభమయ్యెను. స్వరాజ్యమున కర్హత యన్నది ఇట్టి ధైర్యమునుండి పుట్టునని మా నమ్మకము.

ఆ దురాచారమును మాన్పు చట్టమేదియు ఆయన జీవితకాలమున పుట్టలేదు. 1891లో దేశమునకంతకు వచ్చిన సమ్మతి వయస్సు చట్టము పదియేండ్ల హద్దును పన్నెండేండ్లకు పెంచెను గాని పెండ్లి ముట్టలేదు. ఆడుపిల్ల పెండ్లికి పదునాలుగేండ్లుండవలెనని శారదా చట్టము పలుకుట 1929లో జరిగినది. కాని పట్టిక ఊరక పోలేదు. అది గురజాడ అప్పారావు కంట బడెను. అంకెలు మనుష్యులై లేచినవి. లుబ్ధావధాన్లు, అగ్నిహోత్రావధాన్లు, సుబ్బి, బుచ్చమ్మ, మధురవాణి, గిరీశము ఆంధ్రుల యిండ్లలోనికి వచ్చి కూర్చుండిరి. సంస్కృత నాటకములు ప్రదర్శించుచుండిన విజయనగరపు జగన్నాథ విలాసినీ సభవారే 1892 ఆగస్టు 13వ తేదీన ఈ వ్యావహారిక భాషా నాటకమును ఆడిరి. 1897లో పుస్తకముగ ముద్రింపబడినపుడు కవి దానిని ఆనంద గజపతి కంకితమిచ్చి, పీఠికలో ఆ లెక్కను లోకమునకు చాటెను. ప్రబంధములు అంకితము గొన్న రాజులు మనకు వేనవేలు. తన ఏలుబడిలోని సంఘపు సిగ్గును చూపు గ్రంథమును అంకితము గొన్న రాజులు ఎందఱు? ఈ వ్యాసము వ్రాయుచున్న మేము గ్రాంథికమునే పట్టుకొనియున్నవారము. ఐనను బుచ్చమ్మ యేడుపు గ్రాంథికమున వినబడియుండదని ఒప్పుకొనక తప్పదు.

ఇంతవఱకు జమ. ఇక రెండవ ప్రక్క.

1802లో దొరతనమునకు కట్టవలసిన కప్పము నిలిచిపోయిన సంగతి పైన చెప్పితిమి. రైతు కట్టు శిస్తు అట్లు నిలువలేదు. ఉత్తర సర్కారుల జమీందారీలలో గ్రామములను కొన్ని యేండ్ల గడువునకు ముస్తాజర్లకు పాటపై నిచ్చు వాడుక యుండెను. పాటలో హెచ్చు పాడినవాడు ఆ హెచ్చును రైతు కళ్ళములోనే రాబట్టుకొనవలెను. గడువు తీరులోగా పిండుకొనవలెననునదే వాని చింత. చెఱువుగట్టు తెగినను, మదుము పూడినను వానికేమి? 1865 నాటి 8వ చట్టము పట్టాలును ముచ్చిలికాలును మార్చుకొనవలెనని విధించెను. కాని బాకీ పడిన రైతు పంటను, సొత్తును జప్తుచేయు అధికారము జమీందారు చేతియందే యుండెను. రైతుకు తన భూమిపై స్థిరమైన సాగుహక్కు కలదని శాసనము స్పష్టముగ పలుకుట 1908 నాటి ఎస్టేట్సు లాండు ఆక్టుతో గాని జరుగలేదు. అప్పటికి ఆనంద గజపతి గతించి పదునొకండేండ్లు.

ఆయన క్రూరుడని చెప్పుట మా యభిప్రాయము కాదు. ఈ పద్ధతి ఆయన కల్పించినది కాదు. ఆయన ఒక్కనిది కాదు. ఐనను, ఒక జిల్లా మొత్తమున ఇంటింటి పెండ్లి బేరములను పట్టిక వ్రాయింపగలిగిన ప్రభువునకు, తన గ్రామములలో ఏ రైతు ఎంత పండించుచున్నాడు, ఎంత కట్టుచున్నాడు, ఏమి తినుచున్నాడు అను పట్టిక వ్రాయించుట కష్టమా? కరణములు ఆయనవారే, అమీనులు ఆయనవారే. కన్యాశుల్కపు పట్టికకు సాటియైన రైతు పట్టిక ఆయన పేర మనకు దక్కలేదు. పరుల దోషమును లెక్కింపవచ్చును. తన రాబడికి మూలమైన దోషమును లెక్కించుటకు మఱియొక విధమైన గుండె కావలెను. ఆ గుండె ఆ కాలపు జమీందారులలో ఎవరికిని లేకుండెను. ఆయన మరణించిన 1896-97 సంవత్సరములలోనే కఱవు గంజాము, విశాఖపట్టణపు జిల్లాలను తాకినది. వేదములు ముద్రించిన ధనము ఎవరి గాదెలనుండి వచ్చెనో ఆ గాదెలు అపుడు వట్టివయ్యెను.

1897 మే నెలలో ఆనంద గజపతి సంతానము లేకయే దివంగతుడయ్యెను. ఆయన తల్లి అలక రాజేశ్వరీదేవి దత్తత చేసికొనిన బాలుడు విజయరామ గజపతి సంస్థానమునకు వారసుడయ్యెను. రీవా మహారాణియగు ఆయన సోదరి అప్పలకొండయాంబకును సంస్థానమునకును నడుమ ఆ దత్తతపై చెలరేగిన వ్యాజ్యెము అనేక సంవత్సరములు సాగి రాజీతో ముగిసినది. కన్యాశుల్కము వ్రాసిన చేయి ఆ మహారాణి యొద్ద కార్యదర్శియై వ్యాజ్యెపు కాగితములు వ్రాయుటలో అరిగిపోయినది. వకీళ్ళకు పోయిన ద్రవ్యమును గూర్చి చెప్పనేల? గొప్ప ప్రభువు చేసిన మంచి యెంతటిదైనను, అది యొక్క మనుష్యుని ప్రాణముపై ఆధారపడినంతకాలము దాని యాయువు ఆ ప్రాణముతోనే సరి. శాసనముగను, సంస్థగను మాఱినదే నిలుచును.

ఆయన వ్రాయింపని పట్టికను పిమ్మట రైతులే వ్రాసిరి. 1937లో మన ఇచ్ఛాపురమునుండి బయలుదేరిన రైతు రక్షణయాత్ర గ్రామగ్రామమున కష్టములు విన్నవించుకొనుచు కాలినడకను చెన్నపురి చేరెను. టంగుటూరి ప్రకాశము పంతులు అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము 1938లో తన నివేదికయందు 1802 నాటి శిస్తే రైతునకును ప్రమాణమని తేల్చెను. జమీందారునకు నిలిచిన కాలము రైతునకును నిలువవలెననియే దాని భావము. 1939లో మంత్రివర్గము వైదొలగుటచే అది అమలునకు రాలేదు. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీందారీయందు తుపాకికెదురు నిలిచి ప్రాణమిచ్చిన సాసుమాను గున్నమ్మ నెత్తురు ఆ పట్టికకు తుదిపంక్తి. 1948 నాటి 26వ చట్టముతో జమీందారీలు రద్దయి, విజయనగరమును ప్రభుత్వాధీనమైనది. ఆ వంశమువాడే యైన పూసపాటి విజయరామ గజపతిరాజు 1958లో మాన్సాసు ధర్మసంస్థను స్థాపించి కోటను విద్యకొప్పగించుట, ఆనంద గజపతి జమవైపు పేజీకి తగిన కొనసాగింపు.

జమయు ఖర్చును చూచితిమి. తీర్పేమి? ఆయనను దేవునిగ పూజింప నక్కఱలేదు. దయ్యముగ తిట్టనును అక్కఱలేదు. తన వర్గపు కన్నులతో చూడగలిగినంత మేర నిజమును చూచి, చూచినదానిని దాచక వ్రాయించినవాడు. ఆ మేర దాటి చూడలేనివాడు. మనలో భూములు గలవారు, పట్టణములలో ఉద్యోగములు వృత్తులు గలవారు ఆయనను విమర్శించుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. కన్యాశుల్కము పోయినది, దాని చోట వరశుల్కము వచ్చి కూర్చున్నది. 1961లో దానిని నిషేధించు చట్టము వచ్చెను. చట్టము పుస్తకమున నున్నది; బేరము పందిటిలో నున్నది. పుచ్చుకొన్నవాడు నేటికిని పుచ్చుకొనలేదనుచున్నాడు. కౌలుదారునకు కాగితము వ్రాసియిచ్చుటకు జంకు భూస్వామి నేటికిని మన గ్రామములలో కలడు. ఈ రెండు లెక్కలలో ఏ యొక్కటియైనను తన యింటినుండి మొదలుపెట్టి నిజముగ వ్రాసినవాడే ఆనంద గజపతి కీర్తిలో పాలు కోరదగును. రెండును వ్రాసినవాడు ఆయనను మించినవాడు.